మూడో కుర్చీ

1966లో లాస్ ఏంజెలెస్‌లో ఒక కరోనర్ విచారణ, అంటే అసహజ మరణానికి కారణం తేల్చే విచారణ, టీవీలో ప్రత్యక్ష ప్రసారమైంది. నిండు చూలాలైన భార్యను కారులో ఆసుపత్రికి తీసుకువెళుతున్న లెనార్డ్ డెడ్‌వైలర్ అనే నల్లజాతి యువకుడు పోలీసు తూటాకు బలయ్యాడు. అతని భార్య తరఫున వచ్చిన న్యాయవాదికి సాక్షులను నేరుగా ప్రశ్నించే హక్కు ఆ విచారణలో లేదు. ఆయన ప్రశ్నను డిప్యూటీ డిస్ట్రిక్ట్ అటార్నీకి (ప్రభుత్వ న్యాయవాదికి) చెప్పాలి, ఆ అధికారి దాన్ని పైకి అడగాలి. ‘మిస్టర్ కాక్రన్ తెలుసుకోగోరుతున్నారు’ అన్న మాట అలా మళ్లీ మళ్లీ వినిపించింది. మరణం ప్రమాదవశాత్తూ జరిగిందని తేల్చారు. తర్వాత వేసిన పరిహారం దావా కూడా ఓడిపోయింది. కాక్రన్ పేరు మాత్రం ఊరందరికీ తెలిసింది.

జానీ కాక్రన్ అంటే చాలామందికి మాజీ భార్యను, మరొకరిని చంపాడన్న ఆరోపణపై ఫుట్‌బాల్ తార ఓ.జె. సింప్సన్ మీద 1995లో నడిచిన కేసు, కోర్టులో అతని చేతికి పట్టని చేతితొడుగు, ‘అది సరిపోకపోతే విడిచిపెట్టాల్సిందే’ అన్న ప్రాస వాక్యం గుర్తుకొస్తాయి. ఆయన వృత్తి జీవితం మొదలైంది మాత్రం ప్రభుత్వం వైపు నుంచి. 1963లో న్యాయవాదిగా నమోదై లాస్ ఏంజెలెస్ నగర అటార్నీ కార్యాలయంలో ముద్దాయిలపై కేసులు నడిపారు. కొన్నేళ్లకే బయటికొచ్చి వాళ్ల తరఫున నిలబడ్డారు. 1978లో మళ్లీ ప్రభుత్వం వైపు వెళ్లి, కౌంటీలో అసిస్టెంట్ డిస్ట్రిక్ట్ అటార్నీ పదవి చేపట్టిన తొలి నల్లజాతీయుడయ్యారు. తిరిగి సొంత ప్రాక్టీసు, సింప్సన్ కేసు, ఆ తర్వాత న్యాయ విచారణలు చూపించే కోర్టు టీవీ చానెల్ స్టూడియో.

ఈ రాకపోకలను కండువా మార్చిన నాయకుడిని చూసినట్టు చూసేవారు ఎప్పుడూ ఉంటారు. నిన్న జైలుకు పంపమన్న నోటితోనే నేడు వదిలేయమంటాడా అని ఆక్షేపిస్తారు. మేము ఆ ఆక్షేపణతో ఏకీభవించం. ప్రాసిక్యూటర్ పని కేసు గెలవడం కాదనీ, న్యాయం జరిగేలా చూడడమనీ అమెరికా సుప్రీంకోర్టు 1935లోనే బెర్గర్ కేసులో చెప్పింది. ముద్దాయికి పనికొచ్చే సాక్ష్యం చేతిలో ఉంటే దాన్ని అతనికి అందించి తీరాలని బ్రేడీ కేసులో ఆదేశించింది. అది 1963, కాక్రన్ వృత్తిలో అడుగుపెట్టిన ఏడాదే. ఇది మాటల్లో ఉన్నంత సులభం కాదు. ఏ కాగితం ఏ ఫైలులో అడుగున పడిపోతుందో, ఏ సాక్షి ఏ ఆశతో నోరు విప్పుతాడో ప్రాసిక్యూటర్ గదిలో పనిచేసినవారికి తెలిసినంత బాగా బయటివారికి తెలియదు. పైగా కేసుల్లో అత్యధిక భాగం విచారణ దాకా రావు. ఫెడరల్ కోర్టుల్లో 97 శాతం, రాష్ట్రాల కోర్టుల్లో 94 శాతం శిక్షలు ముద్దాయి నేరం ఒప్పుకోవడంతోనే పడుతున్నాయని 2012లో సుప్రీంకోర్టే రాసింది. అంటే నేరం ఒప్పుకుంటే శిక్ష ఎంత తగ్గుతుందన్న, తలుపులు మూసిన గదిలో జరిగే బేరంలోనే చాలావరకు అసలు విచారణ ముగుస్తోంది. అవతలివైపు కూర్చుని ఆ బేరం నడిపిన అనుభవం ముద్దాయికి దొరికితే అది ద్రోహమెలా అవుతుంది? ప్రభుత్వంలో ఉన్నప్పుడు స్వయంగా చూసిన కేసునే బయటికొచ్చి చేపట్టకుండా వృత్తి నియమాలు ఎలాగూ అడ్డుపడతాయి.

కాక్రన్ విషయంలో మరో సంగతీ ఉంది. అసిస్టెంట్ డిస్ట్రిక్ట్ అటార్నీగా ఉన్న రోజుల్లోనే, పిల్లలతో కారులో వెళుతున్న ఆయనను పోలీసులు తుపాకులు గురిపెట్టి ఆపారు. ఆయన అధికారిక బ్యాడ్జి కంటపడ్డాకే వదిలారు. వారి కేసులను కోర్టుకు తీసుకెళ్లే కార్యాలయంలో ఆయన పెద్ద అధికారి. ఆ బ్యాడ్జి లేనివాడి గతేమిటన్న ప్రశ్న ఆయనకు పుస్తకాల్లోంచి వచ్చింది కాదు.

గెరోనిమో ప్రాట్ కేసు దానికి జవాబు. నల్లజాతి హక్కుల కోసం పోరాడిన బ్లాక్ పాంథర్ పార్టీ నాయకుడైన ప్రాట్‌కు 1972లో హత్యానేరంపై శిక్ష పడింది. అప్పుడు ఆయన తరఫున వాదించి ఓడింది కాక్రనే. ప్రాసిక్యూషన్ ప్రధాన సాక్షి ప్రభుత్వ సంస్థలకు సమాచారం చేరవేసే మనిషన్న సంగతిని జ్యూరీకి చెప్పలేదు. బ్రేడీ తీర్పు వచ్చి అప్పటికి తొమ్మిదేళ్లు. 1997లో శిక్ష రద్దయ్యేసరికి ప్రాట్ 27 ఏళ్లు జైల్లో గడిపారు. అన్యాయంగా జైల్లో ఉంచారని వేసిన దావా 2000లో 45 లక్షల డాలర్ల పరిహారంతో ముగిసింది. ఓడిన కేసును పాతికేళ్లు వదలని ఈ పట్టుదల ముందు చేతితొడుగు ప్రాస మాకు చిన్నదిగా కనిపిస్తుంది. కానీ టీవీకి ప్రాసే కావాలి.

మా అసలు ఇబ్బంది ఇక్కడే. ప్రాసిక్యూటర్ కుర్చీకి నియమాలున్నాయి, డిఫెన్స్ కుర్చీకీ ఉన్నాయి. గీత దాటితే ఆపడానికి ఎదురుగా జడ్జి ఉంటాడు, లేచి అభ్యంతరం చెప్పడానికి ప్రత్యర్థి ఉంటాడు. మూడో కుర్చీ స్టూడియోలో ఉంది. దాని ముందు కెమెరా మాత్రమే ఉంటుంది. 1991లో జెంటైల్ కేసులో సుప్రీంకోర్టు, విచారణకు గణనీయమైన హాని కలిగించే అవకాశమున్న బహిరంగ ప్రకటనలు చేయకుండా కేసులోని న్యాయవాదులను కట్టడి చేయవచ్చని చెప్పింది. సరిగ్గా అదే వేసవిలో కోర్టు టీవీ ప్రసారాలు మొదలయ్యాయి. కేసులో లేని న్యాయవాదికి ఆ కట్టడి వర్తించదు, రాత్రంతా మాట్లాడుకోవచ్చు.

ఫలితం ఏమిటో 2006, 2007 సంవత్సరాల్లో డ్యూక్ విశ్వవిద్యాలయం లక్రాస్ (వల కట్టిన కర్రలతో బంతి ఆడే ఆట) క్రీడాకారుల కేసులో చూశాం. ముగ్గురు విద్యార్థులపై అత్యాచార ఆరోపణలు మోపిన ప్రాసిక్యూటర్ మైక్ నైఫాంగ్, పత్రికల ముందు అనకూడని మాటలు అన్నందుకు, డీఎన్‌ఏ పరీక్షల ఫలితాలు దాచినందుకు న్యాయవాద పట్టానే పోగొట్టుకున్నారు. విద్యార్థులు నిర్దోషులని రాష్ట్ర అటార్నీ జనరల్ ప్రకటించారు. అదే కేసులో తెరమీద కూర్చుని ముందే దోషులను తేల్చేసిన వ్యాఖ్యాతలను మాత్రం ఏ బార్ సంఘమూ పిలిచి అడగలేదు. అడిగే నియమమే లేదు.

కోర్టు టీవీలో కాక్రన్‌తో కలిసి కార్యక్రమం నడిపిన నాన్సీ గ్రేస్ కూడా అట్లాంటాలో ప్రాసిక్యూటర్‌గా పనిచేసినవారే. ఆమె నడిపిన ఒక హత్య కేసులో 2005లో ఫెడరల్ అప్పీలు కోర్టు శిక్షను నిలబెట్టింది గానీ, వృత్తి ధర్మంతో ఆమె చెలగాటమాడారని తప్పుబట్టింది. ఆ ఏడాదే ఆమె పేరుతో కొత్త టీవీ కార్యక్రమం మొదలైంది. చూసేవారిలో ఎంతమందికి ఆ తీర్పు సంగతి తెలిసి ఉంటుంది? సింప్సన్ కేసులో కాక్రన్‌కు ఎదురు నిలిచిన ప్రాసిక్యూటర్ క్రిస్టఫర్ డార్డెన్ కూడా తర్వాత డిఫెన్స్ న్యాయవాది అయ్యారు, టీవీ విశ్లేషకుడూ అయ్యారు. దారి అంతగా నలిగిపోయింది.

మాజీ ప్రాసిక్యూటర్లు టీవీలో మాట్లాడకూడదని మేము అనడం లేదు. అభియోగపత్రానికీ రుజువుకూ ఉన్న దూరాన్ని వారికన్నా బాగా చెప్పగలవారు తక్కువ. కానీ ‘ప్రముఖ న్యాయ నిపుణుడు’ అన్న రెండు మూడు మాటలతో పరిచయం ముగించడం వీక్షకుణ్ణి చీకట్లో ఉంచడమే. ఆయన ఏ కార్యాలయంలో పనిచేశారు, ఈ కేసులో ఎవరి తరఫున ఉన్నారు, ఇలాంటి ముద్దాయిలే ఆయన ఖాతాదారులా అన్నది పేరు కింద కనిపించాలి. తన చేతిలో నడుస్తున్న కేసుపై ఆయన విశ్లేషకుడిగా కూర్చోకూడదు, కూర్చుంటే కక్షిదారుడి న్యాయవాదిగానే పరిచయం చేయాలి. తప్పని తేలిన జోస్యాన్ని, అది చెప్పిన కార్యక్రమంలోనే, అంతే గొంతుతో సరిదిద్దుకోవాలి. ఇందులో ఏ ఒక్కదానికీ కొత్త చట్టం అక్కర్లేదు.

టీవీని తప్పుబట్టడం పత్రికలకు ఎప్పుడూ తేలికే. గడువు ముంచుకొస్తున్న వేళ సందేహాలతో మాట్లాడే న్యాయవాదిని వదిలి, ఒక్క వాక్యంలో తేల్చి చెప్పేవారికే మేమూ ఫోను చేస్తుంటాం. అలా చెప్పినవారు గతంలో ఎటువైపు కుర్చీలో కూర్చున్నారో రాయని సందర్భాలు మా పేజీల్లోనూ ఉన్నాయి. ఇకపై న్యాయ వ్యవహారాలపై మేము ప్రచురించే ప్రతి వ్యాసం కింద, రచయిత ఎవరి తరఫున వాదించారో, ఇప్పుడు ఎవరి వకాల్తా చేతిలో ఉందో ఒక వరుసలో వేస్తాం. ఆ వరుస ఇవ్వడానికి ఇష్టపడనివారి వ్యాసం వేసుకోం.