హెల్మెట్ల కంటే ముందు పని వరుస
పాత వాహనాల తుక్కు యార్డులో భద్రతా కార్యక్రమం హెల్మెట్లు, గ్లవ్స్, బూట్లు పంచడంతో మొదలు కావాలని ఒక వ్యాసంలో చదివిన అభిప్రాయంతో నేను ఏకీభవించలేను. అవి తప్పనిసరే, కాని అసలు ప్రాణాపాయం పని వరుస తప్పిన చోట ఉంటుంది. బండి యార్డులోకి రాగానే బ్యాటరీ కనెక్షన్ తీసి, పెట్రోలు, ఆయిలు, ఏసీ గ్యాసు, సీఎన్‌జీ సిలిండర్ ఖాళీ చేసి, తెరుచుకోని ఎయిర్‌బ్యాగులను జాగ్రత్తగా తొలగించిన తరువాతే గ్యాస్ కట్టర్ దాని దగ్గరకు రావాలి. బ్యాటరీ తీసినా ఎయిర్‌బ్యాగు సర్క్యూట్‌లో కొంతసేపు విద్యుత్తు నిలిచి ఉంటుంది. పెట్రోలు తీసేసిన ట్యాంకు సురక్షితమని చాలామంది అనుకుంటారు గాని, లోపల మిగిలిన ఆవిరి గాలితో కలిసి నిండు ట్యాంకు కంటే తేలికగా పేలుతుంది. కేంద్రం 2021లో తెచ్చిన వాహన తుక్కు కేంద్రాల నిబంధనలు కూడా బండిని విడదీసే పనిని ఏఐఎస్-129 అనే వాహన పరిశ్రమ ప్రమాణానికి లోబరిచాయి. విజయవాడ ఆటోనగర్‌లో ఈ పనివాళ్లను దగ్గరగా చూసినవాడిగా చెబుతున్నాను, వాళ్లు అజాగ్రత్తపరులు కారు; తెగ్గొట్టిన ఇనుము బరువును బట్టి కూలి ఇచ్చే చోట, ట్యాంకు ఖాళీ చేయడానికి పట్టే సమయం వాళ్ల సంపాదనలోంచే పోతుంది. అందువల్ల ద్రవాలు తీసే పనికి విడిగా కూలి కట్టాలి, అది పూర్తయినట్లు సూపర్‌వైజర్ బండి మీద రంగుతో గుర్తు పెట్టేంతవరకు ఎవరూ కోత మొదలుపెట్టకూడదన్న నియమాన్ని కార్యక్రమంలో అన్నిటికన్నా ముందు రాయాలి.