పసిబిడ్డ పనిలో ఉన్నప్పుడు పలకరించకండి

కావలిలోని మా ఇంటికి వచ్చే చుట్టాల్లో చాలామంది, ఇరవై రెండు నెలల నా మనవరాలిని చూసి, "దీనికి ఒక్కచోట నిలకడ లేదు, ఫోను ఇస్తే తప్ప కూర్చోదు" అని తేల్చి చెప్పి వెళుతుంటారు. అది నిజం కాదని రోజూ కళ్లారా చూస్తున్నదాన్ని కనుక ఆ మాట నాకు చాలా కష్టంగా ఉంటుంది.

మొన్న ఆదివారం పొద్దున పెరట్లో వెడల్పాటి పళ్లెం పరిచి, అందులో చిన్న చెంబు, రెండు స్టీలు గ్లాసులు ఉంచి, చెంబులో సగానికి నీళ్లు పోసి మనవరాలి ముందు పెట్టాను. మొదటిసారి నీళ్లన్నీ పళ్లెంలోకే పోయాయి. నేను నోరు మెదపలేదు. రెండోసారి చెంబు మూతిని గ్లాసు అంచుకు ఆనించి, నాలుక కొస బయటపెట్టి, ఊపిరి బిగబట్టి మెల్లగా వంచింది. గ్లాసు నిండి పొర్లగానే ఆగి, ఆ నీళ్లను మళ్లీ చెంబులోకి వంపింది. అలా పదిహేనుసార్ల దాకా లెక్కపెట్టి వదిలేశాను. అంతలో చుట్టం ఒకాయన బయటికి వచ్చి, "బంగారుకొండా, ఇటు చూడమ్మా" అంటూ ఫోను ఎత్తారు. బిడ్డ తల తిప్పింది, చెంబు చేజారింది, ఆట అక్కడితో ఆగిపోయింది. ఆ తరువాత దానికి నిలకడ లేదన్నది కూడా ఆయనే.

పుట్టుకతో వచ్చిన ఆ శ్రద్ధను మనమే చెదరగొడుతున్నామని నా గట్టి నమ్మకం. 1907లో రోమ్ నగరంలో బాలల గృహం అనే పసిపిల్లల బడిని ప్రారంభించిన ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి, అక్కడ మూడేళ్ల పాప ఒకతె చెక్క స్తూపాలను గుంతల్లో అమర్చి తీసే పనిని నలభైసార్లకు పైగా చేసిందనీ, చుట్టూ పిల్లలు పాటలు పాడినా, కూర్చున్న కుర్చీతో సహా ఎత్తి బల్లమీద పెట్టినా ఆ పని మానలేదనీ రాశారు. ఆమె 1939లో మద్రాసు అడయారుకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. అంత దగ్గరకు వచ్చిన మాట మన వసారాల్లోకి ఇంకా రాలేదు.

ఇల్లంతా బొమ్మలు పరచడం కూడా మేలు కాదు. అమెరికాలోని టొలీడో విశ్వవిద్యాలయ పరిశోధకులు పసిపిల్లల ముందు ఒకసారి 4, మరోసారి 16 బొమ్మలు పెట్టి చూశారు. తక్కువ ఉన్నప్పుడే ఒక్కోదానితో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడారని 2018లో ప్రకటించారు. అది చదివాక మా ఇంట్లో నాలుగు బొమ్మలు మాత్రమే కింద ఉంచి, మిగిలినవి అటకమీదికి ఎక్కించాను.

కొత్తగా కొనవలసినదేమీ లేదు. ఎర్రగడ్డలు, ఉర్లగడ్డలు కలిపి పోసి రెండు బుట్టలు ఇస్తే వేరుచేస్తుంది. ఉదయగిరి చెక్క గరిటెతో బొరుగులను ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి తోడుతుంది. దానికి అన్నిటికంటే ఇష్టమైనది మార్కాపురం రాతిపలక. తడివేలితో గీస్తే నల్లటి గీత పడుతుంది, ఎండకు ఆ గీత ఒక కొస నుంచి మెల్లగా మాయమవుతుంది. అది పూర్తిగా ఆరేదాకా రెప్ప వేయకుండా చూసి, మళ్లీ వేలు నీళ్లలో ముంచుతుంది.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. శెనక్కాయ పప్పులు, చింతగింజలు, గోళీలు గొంతుకు అడ్డం పడతాయి కాబట్టి మూడేళ్లలోపు బిడ్డ చేతికి ఇవ్వకూడదు. నీళ్లు ఎంత కొంచెమైనా పక్కన పెద్దవాళ్లు ఉండాలి. ఇక ఫోను సంగతికి వస్తే, రెండేళ్లు నిండేవరకు అసలు వద్దనీ, ఆపైన నాలుగేళ్ల వరకు రోజుకు గంటకు మించరాదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది.

పక్కన ఉండమంటే మాట్లాడుతూ ఉండమని కాదు. "శభాష్" అని చప్పట్లు కొట్టినా బిడ్డ చూపు గ్లాసు మీదినుంచి మన మీదికి మళ్లుతుంది. అన్నం వేళ అయినా నేను కేక వేయను. చేతిలో ఉన్న చెంబు ఖాళీ చేసి తల ఎత్తేదాకా ఆగి, భుజం మీద చెయ్యి వేసి, అప్పుడు పిలుస్తాను. అన్నం ఆ కాసేపు చల్లారితే చల్లారనివ్వండి.