గుండు సున్నా చుట్టూ ప్రదక్షిణ

ఓడిపోవడం ఎవరికైనా చేతనవుతుందని మనలో చాలామందికి ఒక అపోహ. ఒకటో రెండో ఓడడం వేరు. సెప్టెంబర్‌లో మొదలెట్టి డిసెంబర్ ఆఖరి రోజు దాకా సొంతూళ్లో ఓడి, పొరుగూళ్లకెళ్లి ఓడి, మధ్యలో లండన్‌కి విమానమెక్కి వెళ్లి మరీ ఓడి, 16కి 16 పూర్తిచేయాలంటే సాధన కావాలి. అమెరికన్ ఫుట్‌బాల్‌లో 16 మ్యాచ్‌ల సీజన్ నడిచినన్నాళ్లూ ఈ ఘనత రెండు జట్లకే దక్కింది. 2008లో డెట్రాయిట్ లయన్స్‌కి, 2017లో క్లీవ్‌ల్యాండ్ బ్రౌన్స్‌కి. లయన్స్‌ది ఏదో గాలివాటం. బ్రౌన్స్ అంతకుముందు ఏడాదే 15 ఓడి, పునాది గట్టిగా వేసుకుని బరిలో దిగారు.

ఆ పునాదిలో ఒక పగులు ఉందని ఒప్పుకోవాలి. 2016 డిసెంబర్ 24న చార్జర్స్ మీద 20-17తో గెలిచేశారు. అందులోనూ వాళ్ల తప్పు పెద్దగా లేదు, ఆఖరి క్షణంలో చార్జర్స్ కిక్కర్ తన్నిన బంతి గురి తప్పింది. ఏదైతేనేం, సున్నా సీజన్‌కి ఘనంగా ఊరేగింపు తీద్దామని అభిమానులు చేసుకుంటున్న ఏర్పాట్లన్నీ బూడిదలో పోసిన పన్నీరయ్యాయి. సొంత జట్టు గెలిచిందని వేడుక రద్దు చేసుకున్న ఊరు ఇంకోటి ఉంటే చూపించండి.

మరుసటి ఏడాది అలాంటి అపశ్రుతి దొర్లకుండా అందరూ తలో చెయ్యి వేశారు. క్వార్టర్‌బ్యాక్‌గా, అంటే బంతి విసిరి ఆట నడిపేవాడిగా, కొత్త కుర్రాడు డిషోన్ కైజర్‌ని నిలబెడితే, అతను ఆ సీజన్‌లో 22 సార్లు బంతిని నేరుగా అవతలివాళ్ల చేతుల్లో పెట్టాడు. పోనీ అనుభవం ఉన్నవాణ్ణి తెద్దామని అక్టోబర్ 31న సిన్సినాటి నుంచి ఏజే మెక్‌కారన్‌ని బేరమాడారు. బేరం కుదిరింది. సాయంత్రం నాలుగింటికి గడువు. ఆ నాలుగింటిలోపు లీగ్ ఆఫీసుకి కాగితాలు సరిగ్గా అందక బేరం రద్దయింది. మైదానంలో ఓడడం ఎవరైనా చేస్తారండీ, ఆఫీసులో కూర్చుని కూడా ఓడగలగాలి.

ఈ మహాయజ్ఞానికి ఒక్కడు మాత్రం సహకరించలేదు. జో థామస్. 2007లో జట్టులోకి వచ్చినప్పటి నుంచి క్వార్టర్‌బ్యాక్‌కి ఎడమవైపు కాపలా కాస్తూ ఒక్క బంతికి కూడా బయట కూర్చోలేదు. వరసగా 10,363 స్నాప్‌లు, అంటే బంతి ఆటలోకి వచ్చిన అన్నిసార్లూ అతనే. అతని వెనక క్వార్టర్‌బ్యాక్‌లు మారారు, కోచ్‌లు మారారు, అతను మాత్రం ఎదురొచ్చినవాణ్ణి ఆపుతూనే ఉన్నాడు. 2017 అక్టోబర్‌లో మోచేతి పైన కండ తెగాక గానీ పక్కకి రాలేదు. ఇంత క్రమశిక్షణ లేని మనిషిని పదేళ్లు ఎలా భరించారో!

ఆఖరి మ్యాచ్ డిసెంబర్ 31న పిట్స్‌బర్గ్‌లో. స్టీలర్స్ తమ అసలు క్వార్టర్‌బ్యాక్‌కి విశ్రాంతి ఇచ్చి, మర్యాదగా ఒక అవకాశం పళ్లెంలో పెట్టారు. 28-24తో వెనకబడ్డ బ్రౌన్స్‌కి నాలుగో డౌన్, అంటే ఆఖరి ప్రయత్నం, రెండు గజాలు కావాలి. కైజర్ విసిరాడు. సీజన్ మొత్తంలో ఇంత బాగా విసిరిన బంతులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కోరీ కోల్‌మన్‌కి అడ్డు ఎవరూ లేరు. బంతి వచ్చి రెండు చేతుల్లో పడింది, పడినట్టే పడి నేలమీదకి జారింది. సున్నా పరిపూర్ణమైంది.

వారం తిరక్కుండా, 2018 జనవరి 6న, ఎముకలు కొరికే చలిలో, వేలమంది స్టేడియం చుట్టూ గుండ్రంగా ఊరేగారు. దారి అలా ఎందుకు పెట్టారంటే, పైనుంచి చూస్తే సున్నాలా ఉండాలని. గుడి చుట్టూ ప్రదక్షిణ చేస్తే పుణ్యం వస్తుందో లేదో గానీ, ఈ ప్రదక్షిణతో ఊళ్లో ఆహార నిధికి తిండీ డబ్బూ పోగయ్యాయి. కొందరు ఆటగాళ్లకి కోపం వచ్చిందట. పాపం, తమ ప్రతిభని ఇంత బహిరంగంగా పొగిడితే మొహమాటం ఉండదూ!

ఇక కోచ్ హ్యూ జాక్సన్. 2016 సీజన్ అయ్యాక, మళ్లీ 1-15 (ఒక గెలుపు, 15 ఓటములు) రాదు, వస్తే ఊరి పక్కనున్న ఈరీ సరస్సులో ఈదుతానన్నాడు. నిజానికి 1-15 రాలేదు కదా, 0-16 వచ్చింది. ఒక మంచి ప్లీడరుని పెట్టుకుంటే కేసు నిలిచేది. అయినా మాటకి కట్టుబడి 2018 జూన్ 1న ఆ సరస్సులో మునిగాడు. అదీ విరాళాల కోసమే.

ఇదంతా వృథా అనుకునేరు. అక్కడి డ్రాఫ్ట్, అంటే జట్లు కొత్త ఆటగాళ్లని వంతులవారీగా ఎంచుకునే తంతు, ఎంసెట్‌లో ఆఖరి ర్యాంకు వచ్చినవాణ్ణి కౌన్సెలింగ్‌కి ముందు పిలిచినట్టు. అందరికంటే ఎక్కువ ఓడినవాళ్లది మొదటి ఎంపిక. ఆ లెక్కన 2017లో మైల్స్ గారెట్, 2018లో బేకర్ మేఫీల్డ్ బ్రౌన్స్ ఇంటికే వచ్చారు. టీవీ డబ్బు 32 జట్లకీ సమానంగా పంచుతారు, ఎంత ఓడినా కింది లీగ్‌కి తోసేవాళ్లు లేరు. ఇంత భద్రత గల ఉద్యోగం మన సెక్రటేరియట్‌లో కూడా దొరకదు.

తర్వాత ఒక బీరు కంపెనీ ఊళ్లోని బార్లలో గొలుసులు చుట్టిన ఫ్రిజ్‌లు పెట్టింది, జట్టు గెలిస్తే వాటంతటవే తెరుచుకుంటాయి. 2018 సెప్టెంబర్ 20 రాత్రి, 635 రోజుల తర్వాత, జెట్స్ మీద 21-17తో గెలిచారు. తలుపులు తెరుచుకున్నాయి, బీరు ఉచితం.

జాక్సన్ సంగతి అంటారా? 16 ఓడినప్పుడు ఉద్యోగం చెక్కుచెదరలేదు. 2018లో రెండు గెలిచి, ఒకటి సమం చేశాక, అక్టోబర్ 29న ఊడింది. గెలుపు ఒంటికి పడలేదేమో.