మా బాత్రూం గీజర్ గారికి, మీ సర్వీసు పొడిగింపు విషయమై

గీజర్ గారికి,

నమస్కారం. వైజాగ్ ఎంవీపీ కాలనీలో మా ఇంటి బాత్రూం గోడకి, సరిగ్గా మనిషి తల మీదకొచ్చేలా, హుద్‌హుద్‌కి ముందు నుంచీ వేలాడుతున్న తమరికే ఈ ఉత్తరం. అంటే 2014 అక్టోబరు 12న తుఫాను ఊరిని ఊడ్చేసే నాటికే తమరు డ్యూటీలో ఉన్నారన్నమాట, తర్వాత కరెంటు లేని రోజులన్నీ జీతంతో సెలవు. మీతో పాటు ఇంటికొచ్చిన మిక్సీ పోయింది, ఫ్రిజ్జు మారిపోయింది, మీరు మాత్రం రిటైర్మెంట్ మాట ఎత్తితే చాలు రెండ్రోజులు బుద్ధిగా పనిచేసి ఎక్స్‌టెన్షన్ కొట్టేస్తారు.

అసలు వైజాగ్‌లో మీకున్నంత సుఖమైన ఉద్యోగం ఇంకెవరికుందండీ? మార్చి దాటితే మేడ మీద ట్యాంకు నీళ్ళే కాలిపోతూ దిగుతాయి, ఎండాకాలంలో చల్లటి నీళ్ళిచ్చే గీజర్ ఏదైనా ఉంటే అదే కొనుక్కోవాలి మేము. చలి చూడ్డానికి మనవాళ్ళు కార్లేసుకుని లంబసింగి వెళ్ళాలి. ఇక్కడ మీ పనల్లా డిసెంబరు, జనవరి పొద్దున్నపూట తలా ఓ బకెట్టు. దానికి ఇన్ని వేషాలా?

ముందు ఆ చప్పుడు సంగతి చెప్పండి. స్విచ్ వేయగానే లోపల టపటపమని పేలాలు వేగుతున్నట్టు ఏటది? బోరు నీళ్ళలోని సున్నం నీళ్ళు కాచే కాయిల్ మీద గార కట్టేసింది, ఆ గార కింద ఇరుక్కున్న నీళ్ళు ఆవిరై పగులుతున్నాయి, అదే ఆ చప్పుడు. జీవీఎంసీ, అంటే మన కార్పొరేషన్ కుళాయి నీళ్ళే పట్టుకుంటే ఇంత ఉండదు గానీ అవి చాలక బోరు కలుపుతాం, ఈ బీచ్ వైపు బోర్లలో ఉప్పు కూడా తగులుతుంది. ఇంకో వేషం ఆ ఎర్ర లైటు. మీరు 15 లీటర్లు, 2000 వాట్లు. 25 డిగ్రీల నీళ్ళు 60కి రావాలంటే లెక్క ప్రకారం దగ్గర దగ్గర 18 నిమిషాలు. మీ లైటేమో అంతకన్నా చాలా ముందే ఆరిపోతుంది, పని అయిపోయిందన్నట్టు, కింద బకెట్లో చూస్తే గోరువెచ్చన. వేడి చూసి కరెంటు ఆపే థర్మోస్టాట్ గార పట్టి తన చుట్టూ ఉన్న వేడి చూసుకుని ట్యాంకంతా మరిగిపోయిందనుకుంటోంది. పైగా డయల్ 75 మీద పెట్టేసి ఉంచుతారు మా ఇంట్లో, వేడి పెరిగేకొద్దీ గార ఇంకా తొందరగా కడుతుంది, 55, 60 దగ్గర పెడితే చాలంటే ఎవరూ వినరు.

అయితే ఇవన్నీ తీసేయాల్సిన జబ్బులు కాదని నాకూ తెలుసు. కింద ఫ్లాంజ్, అంటే కాయిల్ బిగించిన మూత, విప్పి కాయిల్ బయటికి తీసి గార గోకేస్తే, లేదా కాయిల్ పోతే కొత్తది వేస్తే, థర్మోస్టాట్ మారిస్తే ఇంకొన్నేళ్ళు నడుస్తారు. కొత్త గీజర్ వేలు పోస్తే గానీ రాదు, దానికన్నా ఈ రిపేర్లు చాలా చవక. పోయింది కాయిలైతే "మొత్తం మార్చేయండమ్మా, కొత్తది మంచిది పంపిస్తాను" అనే మెకానిక్‌ని కూడా నేను నమ్మను.

నా బాధల్లా మీ లోపలున్న ఆ మెగ్నీషియం కడ్డీ గురించి. యానోడ్ రాడ్ అంటారు. ట్యాంకు ఇనుముని తినాల్సిన తుప్పు ముందు దాన్ని తింటుంది, అది ఉన్నన్నాళ్ళే మీరు క్షేమం, అది అరిగిపోయాక తుప్పు మీ మీద పడుతుంది. ఉప్పు తగిలే నీళ్ళలో ఇంకా తొందరగా అరుగుతుంది కాబట్టి ఏడాదికోసారి విప్పి చూడాలి. మా ఇంట్లో ఒక్కసారి చూశారా? మా మావయ్య గారు స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరయ్యారు, కడ్డీ మాటెత్తితే "ఇనుం గురించి నాకు చెప్తావేటమ్మా, ఈ ట్యాంకు కంచు" అంటారు. కంచూ కాదు ఏమీ కాదు, గాజు పూత పూసిన రేకు. ఆ పూతకి సన్నటి పగులొస్తే చాలు. తీరా పోయినసారి మెకానిక్ వచ్చి స్పానర్ పెడితే ఫ్లాంజ్ బోల్టులు తుప్పుకి కరుచుకుపోయి ఉన్నాయి, "విప్పితే విరుగుతాయి మేడం" అని టీ తాగి వెళ్ళిపోయాడు. అతనలా వెళ్ళగానే మావయ్య గారు మళ్ళీ వాదన గెలిచినట్టు నవ్వారు చూడండి, ఒళ్ళు మండిపోయింది.

ఇప్పుడు కొత్తగా మొదలెట్టిన చుక్కలు. ఇక్కడ కూడా మీకు న్యాయం చేస్తాను. నీళ్ళు వేడెక్కితే కొంచెం పొంగుతాయి, 15 లీటర్లు 25 నుంచి 60 డిగ్రీలకి వస్తే పావు లీటరు కన్నా తక్కువే, ఆ పొంగు ఎక్కువైన నీళ్ళు వదిలే వాల్వ్ దగ్గర నుంచి స్విచ్ వేసినప్పుడు నాలుగు చుక్కలు కారితే అది మీ తప్పు కాదు, వాల్వ్ దాని పని అది చేసుకుంటోంది. రోజంతా కారితే వాల్వో వాషరో చూసుకోవాలి, అదీ చిన్న పనే. కానీ వాల్వూ కాదు, పైపు జాయింటూ కాదు, మీ తెల్లటి తొడుగు అడుగు అంచు నుంచి గోధుమ రంగు నీళ్ళు, చల్లనీళ్ళ కుళాయిలో తేటగా, మీ కుళాయిలో మాత్రం ఎర్రగా, ఏటండీ ఇది? ట్యాంకు చిల్లు పడితే దానికి వెల్డింగు, ఎం-సీల్ లాంటివేవీ లేవు, మందు లేని రోగం అదొక్కటే. దానికి ఎక్స్‌టెన్షన్ ఇవ్వను.

ఇంకోటి, ఇది నవ్వులాట కాదు. కుళాయి ముట్టుకుంటే చెయ్యి జివ్వుమందని మా అబ్బాయి అన్న రోజున ఇక వాదన్లేవీ ఉండవు. కాయిల్ పైతొడుగు చిట్లితే కరెంటు నీళ్ళలోకి వస్తుంది, లోడు ఎక్కువైతే పడిపోయే ఎంసీబీ మనిషిని కాపాడదు, దానికి కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి, సరైన ఎర్తింగ్ ఉండాలి. మా ఇంట్లో ఆ ఆర్‌సీసీబీ పోయిన నెలే పెట్టించాను, మావయ్య గారు ఖర్చు దండగన్నారు గానీ ఈసారి అడిగి చేయలేదు.

కాబట్టి శనివారం వేరే మెకానిక్ వస్తాడు. మెయిన్ ఆపి, నీళ్ళు దింపేసి, బోల్టులు విరిగినా సరే విప్పుతాడు. తడి ఫ్లాంజ్ వాషర్ దగ్గరే ఆగితే మీకు కొత్త వాషరు, కొత్త కడ్డీ, ఇంకో చలికాలం. ట్యాంకు నుంచైతే ఆటోలో పాత సామాన్ల కొట్టుకి ప్రయాణం, ఇనుం రేటు మాట్లాడే బాధ్యత మావయ్య గారిదే.

ఇట్లు,
కరెంటు బిల్లు కట్టే కోడలు

తా.క. మీ కింద ఒక మగ్గు కట్టి ఉంది. తీసేయకండి, కారేది ఎంతో శనివారం దాకా చూడాలి.