గూడ్సు ఇంజను దొరవారి సముఖానికి

మహారాజశ్రీ గూడ్సు ఇంజను దొరవారికి నమస్కరించి రాయడమేమనగా,

ఉభయకుశలోపరి. మీ కుశలం అడగనవసరం లేదు, కళ్ళకు కనబడుతూనే ఉంది. ఢిల్లీ రైలు మ్యూజియంలోనూ, ఎన్నో స్టేషన్ల ముంగిట సిమెంటు గద్దెల మీదా నల్లరంగు పూయించుకుని తీరిగ్గా నిలబడ్డారు. జనం మీ చక్రాలకు ఆనుకుని ఫొటోలు దిగుతున్నారు. దిగినవాళ్ళు ఊరుకోకుండా "ఏమైనా అనండి, ఇంగ్లీషువాళ్ళు మనకు రైళ్ళిచ్చి పోయారు" అని ఒక మాట వదులుతున్నారు. ఆ మాట విని మీరు ఒక్కసారీ కూత వేసి ఖండించలేదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు మీ పెద్దరికం ఒప్పుకుంటాను. బడిపుస్తకాలు 1853 ఏప్రిల్ 16నే పట్టుకుని వేలాడతాయి. బోరీబందరు నుంచి ఠాణాకు 14 పెట్టెలు, 400 మంది అతిథులు, 21 ఫిరంగుల వందనం. నిజానికి ఈ దేశంలో పట్టాలెక్కే గౌరవం మనుషులకంటే ముందు రాళ్ళకూ మట్టికీ దక్కింది. 1837లో మద్రాసు పక్కన రెడ్‌హిల్స్ దగ్గర పట్టాలు పరిచింది రోడ్ల రాళ్ళ కోసం. 1840లలో ధవళేశ్వరం దగ్గర పరిచింది గోదావరి ఆనకట్ట రాళ్ళ కోసం. 1851లో రూర్కీ దగ్గర, గంగ కాలువను సోలానీ నది మీదుగా దాటించే కట్టడానికి మట్టి మోసిన 'థామసన్' ఇంజను మీ వంశానికి మూలపురుషుడు. ఆయన గౌరవార్థం ఫిరంగులెవరూ పేల్చలేదు. పేలింది ఆయన బొయిలరొక్కటే.

వంశచరిత్ర చాలు, డబ్బు సంగతికి వద్దాం. 1849లో ఈస్టిండియా కంపెనీ మొదటి రైలు కంపెనీలతో రాసుకున్న ఒప్పందం ముచ్చటైనది. లండనులో వాటాలు కొన్నవారికి ఏటా 5 శాతం ఖాయం. మీరు అంత సంపాదిస్తే సరే, సంపాదించకపోతే ఆ లోటును ఇక్కడి రైతు కట్టిన శిస్తులోంచి పూడుస్తారు. భూమి 99 ఏళ్ళకు ఉచితం. నష్టమన్నదే రాని వ్యాపారంలో పొదుపు ఎవరికి కావాలి? ఇక్కడ ఆర్థిక వ్యవహారాలు చూసి వెళ్ళిన మాసీ దొర 1872లో పార్లమెంటు కమిటీ ముందు ఆ ముక్కే ఒప్పుకున్నాడు. తన సొమ్మును హుగ్లీ నదిలో పారబోసినా, ఇటుకా సున్నంగా మార్చినా ఇంగ్లండు మదుపుదారుకు ఒకటేనట. నిజాం రాజ్యంలోనూ ఇదే వరస. 1880లలో లైను లండను కంపెనీ చేతికి వెళ్ళింది, హామీ మాత్రం హైదరాబాదు ఖజానా నెత్తిన పడింది. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడం విన్నాం గానీ, ఆ దానానికి అత్త దగ్గరే నూటికి అయిదు చొప్పున వసూలు చేయడం మీ ఇంట్లోనే చూశాం.

దొరవారు అటూ ఇటూ తిరిగినా చూపు మాత్రం సముద్రం మీదే. గవర్నరు జనరలు డల్హౌసీ 1853లో రైళ్ళ గురించి రాసిన పత్రంలో దాపరికమేమీ లేదు. ఇంగ్లండుకు పత్తి కావాలి, అక్కడి సరుకుకు ఇక్కడ అంగడి కావాలి, సైన్యం చకచకా కదలాలి. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి మాంచెస్టరు మిల్లులకు పత్తి కరువయ్యేసరికి బేరారు (నేటి విదర్భ) నల్లరేగడి మీద ఎక్కడలేని ప్రేమ పుట్టింది. మీ కిరాయి పట్టికలు ఇంకా రుచిగా ఉంటాయి. రేవుకు పోయే సరుకుకు చవక, దేశంలోనే ఒక ఊరినుంచి మరో ఊరి మిల్లుకు పోయే సరుకుకు ప్రియం. వ్యాపారులు దశాబ్దాలపాటు మొత్తుకున్నారు. కమిటీలు విన్నాయి, నమోదు చేసుకున్నాయి. చివరికి 1931లో రాయపూర్ నుంచి విజయనగరానికి లైను పూర్తయింది, 1933లో విశాఖ రేవు తెరిచారు. మధ్య పరగణాల మాంగనీసు ఓడెక్కాలి కదా! ఆ దారిలో మనుషులుండే ఊళ్ళు కూడా తగలడం యాదృచ్ఛికం.

ధాత నామ సంవత్సరపు కరువు గురించి మాత్రం నవ్వుతూ రాయలేను. 1876లో వానలు పోయేనాటికే కడపకూ బళ్ళారికీ మీ పట్టాలున్నాయి. ధాన్యం మద్రాసు రేవులో దిగింది, మీరు మోశారు కూడా. కానీ వర్తకుడి ధరలో వేలు పెట్టకూడదన్నది వైస్రాయి లిట్టన్ ప్రభువు సిద్ధాంతం. ఆయన 1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియా చక్రవర్తిని బిరుదుకు దర్బారు జరిపిస్తున్నారు. కరువు పనిలో రాళ్ళు కొట్టే మగవాడికి రోజుకు పౌను ధాన్యం, పైన ఒక అణా చాలునని సర్కారు పంపిన టెంపుల్ దొర లెక్క తేల్చాడు. దారి ఉంది, బండి ఉంది, బస్తాలున్నాయి, కొనుక్కోవడానికి చేతిలో చిల్లిగవ్వ లేదు. అవే ఏళ్ళలో ఉత్తరాది గోధుమలు మీ సోదరుల వీపునెక్కి ఇంగ్లండు ఓడల్లోకి చేరాయి. ఎక్కించినదే మోశామంటారు మీరు. కాదనను.

మీ మీద నాకు కోపం ఉన్నంతగా మీ కొలిమి దగ్గర నిలబడ్డవాడి మీద లేదు. చాలా లైన్లలో మెయిలు బండి తెల్లవాడికో ఆంగ్లో ఇండియనుకో దక్కేది. నల్లవాడికి మీరూ, యార్డులో పెట్టెలు అటూ ఇటూ జరిపే షంటింగూ. కొలిమి తలుపు తెరిస్తే ముఖం మాడుతుంది, మూస్తే ఆవిరి తగ్గుతుంది. ఫైర్‌మన్ పారతో విసిరిన బొగ్గు కుప్పగా పడకూడదు, వెనక మూలలకూ పక్కలకూ ముందుకూ పలచగా పరుచుకోవాలి. మన బొగ్గులో బూడిద ఎక్కువ. అది కరిగి, గడ్డకట్టి, కింది కడ్డీల సందులు మూసేస్తుంది. పొడవాటి ఇనుప ఊచతో దాన్ని పెకలించాలి, ఈలోగా గాజుగొట్టంలో నీటిమట్టం మీద కన్ను వేసి ఉంచాలి. మట్టం దిగిపోతే కొలిమి కప్పులోని సీసపు బిరడా కరిగి ఆవిరి నిప్పుల్లోకి దూకుతుంది. ఇంత చాకిరీ చేసి లోడు లాక్కొస్తుంటే సిగ్నలు చెయ్యి దిగదు. వెనక మెయిలు వస్తోంది, మీరు పక్క పట్టాల లూపులో పడి ఉండండి! విసిరిన ప్రతి పారకూ బొగ్గు ధర కడుతూ, కదలని బండికి ఆవిరి కాపాడుతూ గంటలు గడపాలి. ఎల్లందు బొగ్గు గనుల నుంచి వచ్చే మీవారిని చూస్తే నాకు ముచ్చట వేసేది ఇందుకే. తినే తిండి తామే మోసుకుని, తినడానికి కూడా ఇంకొకరి అనుమతి కోసం ఆగేవారు.

చివరన గార్డు ఒకడుండేవాడు, మరచిపోయారా? పాత గూడ్సు బండ్లలో వాగన్లన్నిటికీ కలిపి ఇంజను దగ్గర్నుంచే వేసే వాక్యూం బ్రేకు ఉండేది కాదు. దిగుడులో మీరు ఈల వేసి చెబితే, బండి చివర బ్రేకు పెట్టెలో అతను చక్రం తిప్పి బ్రేకు బిగించాలి. మీరు ఆగితే ఆ కుదుపు గొలుసు గొలుసుకూ పాకి ఆఖరున అతని నడుముకు తగిలేది.

ఇక మీ జన్మస్థలం. గ్లాస్గో, మాంచెస్టర్. 1903 తర్వాత మీకు ప్రామాణిక నమూనాలు కూడా వచ్చాయి, మామూలు లోడుకు ఎస్‌జీ (స్టాండర్డ్ గూడ్స్), బరువు లోడుకు హెచ్‌జీ (హెవీ గూడ్స్). ఇక్కడివాళ్ళకు ఇంజను కట్టడం చేతకాదనుకుందామంటే అజ్మీరు వర్క్‌షాపు 1895లోనే కట్టి చూపించింది. అది ఇప్పటికీ మీ మ్యూజియంలోనే ఉంది, పలకరించండి. 1921లో సర్కారు ఆర్డర్లిస్తానన్న మాట నమ్మి జంషెడ్‌పూర్ దగ్గర పెనిన్సులర్ లోకోమోటివ్ కంపెనీ వెలిసింది. షెడ్లు లేచాయి, యంత్రాలు వచ్చాయి, ఆర్డర్లు మాత్రం రాలేదు. కొన్నేళ్ళకు సర్కారే ఆ ఫ్యాక్టరీని కొని పెట్టెల తయారీకి తిప్పింది. ఇంజన్లు యథాప్రకారం ఓడల్లో దిగాయి. చిత్తరంజన్‌లో మన గూడ్సు ఇంజను 'దేశబంధు' బయటికి రావడానికి 1950 దాకా ఆగవలసి వచ్చింది.

కనుక దొరవారిని కోరేదేమంటే, గద్దె ముందున్న పలకలో మీ బరువు, చక్రాల లెక్క, కట్టిన సంవత్సరం తర్వాత ఇంకొక్క గీత ఖాళీ ఉంది. బిల్లు ఎవరు కట్టారో అక్కడ చెక్కించుకోండి. ఖర్చు మేమే భరిస్తాం, మాకు అలవాటే.

ఇట్లు,
శిస్తు కట్టినవారి మునిమనవడు

తా.క.: రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలోని బాల్డ్విన్ కర్మాగారం నుంచి మీ సజాతీయులు మన పట్టాల మీదికి దండిగా దిగారు. వాళ్ళు మీకంటే మోటుగా ఉండేవారు, పనిలో తీసిపోలేదు. అయినా "అమెరికావాళ్ళు మనకు రైళ్ళిచ్చారు" అని ఒక్కరూ అనగా నేను వినలేదు. కారణం తెలిస్తే తిరుగుటపాలో రాయగలరు.