ఫోటో తీస్తేనే చదువు: మా మండల విద్యా దర్శనం

మా ఆవిడ ఫోన్‌లో స్టోరేజ్ ఫుల్ అయిపోయిందని మొన్నాదివారం నన్ను కూర్చోబెట్టి పాత ఫోటోలు డిలీట్ చెయ్యమంది. తను మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో ఎస్జీటీ, అంటే చిన్న క్లాసులకి చెప్పే టీచరు. గ్యాలరీ తెరిచి చూద్దును కదా, మా అమ్మాయి పుట్టినరోజు ఫోటోలు పదకొండు, శుభ్రంగా ఉన్నాయని సర్కారు యాప్‌లో పెట్టడానికి తీసిన బడి బాత్రూమ్‌లవి మాత్రం వందల్లో ఉన్నాయి, పొద్దున తీసినవి, మధ్యాహ్నం తీసినవి, బకెట్‌తో, బకెట్ లేకుండా, ఒకదాంట్లో అయితే పక్కన ఫినాయిల్ సీసా పెళ్ళికొడుకులా నిలబడి ఉంది. ముందు నవ్వొచ్చింది, తర్వాత నిజంగా సిగ్గేసింది. ఇంత లోతైన విద్యా తత్వం మా ఇంట్లో చార్జింగ్ పెట్టుకుని ఉంటే ఇన్నేళ్ళూ గుర్తించలేకపోయానే అని.

చదువంటే పిల్లాడి బుర్రలో జరిగేదని మన పెద్దాళ్ళు పొరబడ్డారు. బుర్రలో జరిగేదాన్ని ఎవరు చూడొచ్చారండీ? జిల్లా ఆఫీసులో కూర్చున్నవాళ్ళకి కనపడదు, పైన రాష్ట్ర ఆఫీసుకి అసలే కనపడదు. కాబట్టి మా మండలం, నిజానికి మా మండలమనేముంది ఆంధ్రప్రదేశ్‌లో ఏ మండలమైనా అంతే, ఒక గట్టి సిద్ధాంతానికి వచ్చింది. అప్‌లోడ్ అయితే జరిగినట్టు, అవ్వకపోతే జరగనట్టు. గుడ్డు పిల్లాడి నోట్లోకి వెళ్ళిందా లేదా అన్నది తర్వాత సంగతి, ముందు యాప్‌లోకి వెళ్ళాలి. ఏకాగ్రత లేని పిల్లల మీద బోలెడు పుస్తకాలొచ్చాయి గానీ సిగ్నల్ లేని బడుల మీద ఒక్కటీ రాలేదు. మా ఆవిడ బడిలో సిగ్నల్ వచ్చేది వాటర్ ట్యాంకు పక్కన వేపచెట్టు కింద ఒక్కచోటే, అక్కడ నేల అరిగిపోయి గుంట పడింది. బోర్డు ముందు మాత్రం ఏ గుంటా లేదు.

2022 ఆగస్టులో టీచర్లకి ముఖం చూపించే హాజరు పెట్టారు గుర్తుందా, సొంత ఫోన్‌లో సొంత డేటాతో సొంత మొహం. టైం దాటితే లీవ్ కింద రాసేస్తారేమోనన్న భయంతో మా ఆవిడ పొద్దున్నే ఆ చెట్టు కింద ఫోన్ పైకెత్తి సూర్య నమస్కారం చేస్తున్నట్టు నిలబడేది. యాప్ గుర్తుపట్టేది కాదు. దగ్గరికి రండి అనేది, దూరం వెళ్ళండి అనేది, కళ్ళార్పండి అనేది. అంత శ్రద్ధగా తన మొహం నేను కూడా ఎప్పుడూ చూడలేదండీ పెళ్ళయ్యాక. పిల్లలు చుట్టూ చేరి మేడమ్ ఈసారి వచ్చారా రాలేదా అని అడిగేవాళ్ళు, ఎదురుగా ఉన్న మేడమ్‌ని చూస్తూనే. అస్తిత్వం గురించి అంతకంటే మంచి పాఠం ఏ సిలబస్‌లో ఉందో చెప్పండి.

బాత్రూమ్ ఫోటోలు ఇక టీచర్లు తియ్యక్కర్లేదని 2024లో ప్రభుత్వం మారాక చెప్పేశారు. స్టాఫ్ రూమ్‌లో స్వీట్లు పంచారు గానీ నాలాంటి ఆలోచనాపరులకి అది చీకటి రోజు. కొండంత సిద్ధాంతానికి పునాదిరాయి లాగేశారు కదా. అదృష్టవశాత్తూ భోజనం ఫోటోలు, మీటింగ్ ఫోటోలు, ఫలానా దినోత్సవం ఫోటోలు ఉన్నాయి కాబట్టి దర్శనం బతికే ఉంది. యాప్‌లన్నీ కలిపి లీప్ అని ఒకటే చేశాం అన్నారు 2025లో. ఉమ్మడి కుటుంబం అన్నమాట, వంటగది ఒకటే, కోడళ్ళ పని తగ్గిందని మాత్రం ఎవరూ అనలేదు.

ఇక వాట్సాప్ గ్రూప్. మండలానికి ఒక ఎంఈఓ, అంటే మండల విద్యాధికారి, చాలడని ఇద్దర్ని పెట్టారు, వన్ గారు, టూ గారు. మా దగ్గర వన్ గారు అడిగిన వివరాన్నే టూ గారు ఇంకో ప్రొఫార్మాలో అడుగుతారు. ఇది డూప్లికేషన్ అని తెలియనివాళ్ళంటారు, నేనైతే రివిజన్ అంటాను. మెసేజ్ ఎప్పుడొచ్చినా మోస్ట్ అర్జెంట్ అనే ఉంటుంది, పదకొండున్నరకి వస్తుంది, పన్నెండింటికల్లా కావాలి, నిల్ రిపోర్ట్ తప్పనిసరి. అంటే మీ బడి మీద పిడుగు పడిందా, పడకపోతే పడలేదని రాసి సంతకం పెట్టి స్టాంపు కొట్టి స్కాన్ చేసి పంపాలి. ఆ అరగంటా రెండో తరగతి పిల్లలు ఏం చేస్తారంటారా, ఒకళ్ళ జుట్టు ఒకళ్ళు పీక్కుంటారు, దాన్ని ఈమధ్య కృత్యాధార బోధన అంటున్నారనుకుంటా, నాకు సరిగ్గా తెలీదు.

కానీ అసలైన లోతు చూడాలంటే మా వీధిలో కుర్రాడు ఒకడున్నాడు, వాడి చదువు చూడాలి. 2021లో ఒకటో తరగతిలో చేరాడు, ఇంటి పక్క బడే. 2022 జూన్‌లో 117 జీవో వచ్చింది, బడుల్ని ఆరు రకాలు చేసింది, శాటిలైట్ ఫౌండేషన్ అట, ఫౌండేషన్ అట, ఫౌండేషన్ ప్లస్, ప్రీ హైస్కూల్, హైస్కూల్, హైస్కూల్ ప్లస్. చదువుతుంటే సబ్బుల కంపెనీ కేటలాగ్‌లా ఉంటది. దాంతో మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని కిలోమీటరు లోపు హైస్కూళ్ళకి పంపారు. మనోడు మూడోక్లాసుకి హైస్కూల్ ఎక్కాడు, వాడి నడుము ఎత్తు పదోక్లాసు వాళ్ళ బ్యాగు ఎత్తు సమానం, మెయిన్ రోడ్డు దాటాలి కాబట్టి వాళ్ళ నాయనమ్మ రోజూ రెండుసార్లు వాడితో పాటు హైస్కూల్‌కి వెళ్ళింది, డెబ్భై ఏళ్ళకి. నాలుగు కూడా అక్కడే. 2025లో ఆ జీవో తీసేసి ఇప్పుడు తొమ్మిది రకాల బడులన్నారు, మోడల్ ప్రైమరీ అన్నారు, మనోడు ఐదోక్లాసుకి మళ్ళీ పాత బడికే వచ్చాడు, అదే గది, అదే కిటికీ, బోర్డు మీద పేరు మాత్రం కొత్తది, పెయింట్ వాసన పోలేదు. ఐదైపోతే ఆరుకి మళ్ళీ హైస్కూల్. ఒకే హైస్కూల్‌కి రెండోసారి చేరే అవకాశం మన తరంలో ఎవరికైనా దక్కిందా? మనం తప్పితేనే రెండోసారి కూర్చునేవాళ్ళం, వీడు పాసై కూడా తిరుగుతున్నాడు. నాయనమ్మ మాత్రం ఈసారి నా వల్ల కాదు బాబూ అంటోంది. ఆవిడది మోకాళ్ళ సమస్య, తాత్విక సమస్య కాదు.

హైస్కూల్ పిల్లలకి వైరాగ్యం నేర్పుతారు. వెయ్యి సర్కారు బడులకి సీబీఎస్ఈ అన్నారు, ఎనిమిది తొమ్మిది తరగతులు ఆ పద్ధతిలో చదివారు, పదికొచ్చాక 2024 సెప్టెంబర్‌లో, అంటే విద్యా సంవత్సరం సగం సర్దుకున్నాక, అంతర్గత పరీక్ష పెట్టి చూస్తే చాలామంది గట్టెక్కేలా లేరని స్టేట్ బోర్డే రాయండన్నారు. నిర్ణయం తప్పని కూడా అనలేం, ముందు చేర్పించడమే తొందరపాటు అన్నవాళ్ళూ ఉన్నారు, మధ్యలో తియ్యడం అన్యాయం అన్నవాళ్ళూ ఉన్నారు, నిజంగానే ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. పిల్లల్ని ఎవరూ అడిగినట్టు లేదు, అది మన సంప్రదాయం కూడా కాదు. టోఫెల్ అని ఇంగ్లీషు పరీక్ష వచ్చింది, వెళ్ళింది. ఐబీ అనే అంతర్జాతీయ సిలబస్ అయితే ఒప్పందం కాగితం మీద నుంచి బడి గేటు దాకా కూడా రాలేదు. ట్యాబులొచ్చాయి, 2022 డిసెంబర్‌లో ఎనిమిదో తరగతికి ఇచ్చారు, బైజూస్ అనే ఆన్‌లైన్ చదువుల కంపెనీ పాఠాలతో. తర్వాత ఆ కంపెనీ దివాలా కేసుల్లో పడిందని పేపర్లో చూశాం కదా, ఏదీ శాశ్వతం కాదని పిల్లలకి ఆచరణలో చూపించిన సంస్థ అది.

టీచర్లకి మాత్రం విశాల దృక్పథం కావాలి. 2020 మే నెలలో, లాక్‌డౌన్ మధ్యలో మద్యం షాపులు తెరిచినప్పుడు, విశాఖ జిల్లాలో కొంతమంది మాస్టార్లని వాటి దగ్గర క్యూలు సరిచెయ్యడానికి వేశారు. అందరూ నవ్వారు గానీ పిల్లల్ని లైన్లో నిలబెట్టిన అనుభవం ఇంకే శాఖలో ఉందండీ? పైగా లైన్లో కొంతమంది పాత విద్యార్థులే ఉండి ఉంటారు, నమస్కారం సార్ అని కూడా అని ఉంటారు.

ఇక పేర్లు. 2024 జులైలో పథకాలన్నిటికీ పేర్లు మార్చారు, అమ్మ ఒడి తల్లికి వందనం అయ్యింది, విద్యాకానుక విద్యార్థి మిత్ర అయ్యింది, నాడు-నేడు మనబడి-మన భవిష్యత్తు అయ్యింది. మా ఆవిడ రిజిస్టర్ల మీద పాత అట్టలు చింపి కొత్తవి అంటించడానికి రెండు పూటలు పట్టింది, మైదా జిగురు నేనే ఉడికించాను, కాబట్టి విద్యా సంస్కరణల్లో నా పాత్ర కూడా ఉంది. గోరుముద్ద పోయి డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం వచ్చింది. పాత పేరుల్లో లేని మంచి ఇందులో ఉందని ఒప్పుకోవాలి, సీతమ్మ గారు నిజంగా అన్నం పెట్టిన మనిషి. లంకల గన్నవరంలో గోదావరి దాటి వచ్చిన వాళ్ళకి వేళ కాని వేళ వండి వడ్డించింది, కులం అడక్కుండా.

ఆవిడ గురించి గోదావరి జిల్లాల్లో ఒక ముచ్చట చెప్తారు. ఇంగ్లాండ్ రాజు ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకం సంబరాలకి రమ్మని పిలిస్తే రానందట, పోనీ ఫోటో అన్నా ఇవ్వమంటే అదీ వద్దందట, అన్నం పెట్టడం ఫోటోల కోసమా అని. చివరికి ఫోటో పంపకపోతే నా ఉద్యోగం పోతుందమ్మా అని ఆఫీసర్ బతిమాలితే, పాపం అని ఒప్పుకుందట.

ఈ ముచ్చట మా ఆవిడకి చెప్పాను. తను అప్పుడే భోజనాల ఫోటో అప్‌లోడ్ చేస్తోంది, చక్రం తిరుగుతోంది, తొంభై శాతం దగ్గర ఆగింది. తల కూడా ఎత్తలేదు. "ఒక్క ఫోటోతో సరిపెట్టారా ఆవిడకి?" అంది.