నటనకు మార్కులా?

ప్రకటనల్లో ఆడామగా చిత్రణపై మీడియా స్టడీస్ విద్యార్థులకు ఇస్తున్న అసెస్‌మెంట్ల తీరు చూస్తే ఒళ్లు మండుతోంది. 1950ల నాటి సబ్బుపొడి ప్రకటన ఒకటి, ఈ మధ్య వచ్చింది ఇంకొకటి పక్కపక్కన పెట్టి పోల్చమంటారు. ఆ తర్వాత ‘ఈ పని వల్ల మీ ఆలోచన ఎలా మారిందో రాయండి’ అని మరో ప్రశ్న. జవాబు ప్రశ్నలోనే ఉంది. అప్పుడు ఆడవాళ్లను వంటింటికి కట్టేశారు, ఇప్పుడు కాలం మారింది, నా కళ్లు తెరుచుకున్నాయి. మార్కులు పడిపోతాయి. నా ఆలోచనేమీ మారలేదని నిజం రాసిన పిల్ల గతి ఏమిటి?

మొదట మూసను గుర్తుపట్టడం నేర్పాలి, దిద్దడానికి ఏదో ఒక కొలత ఉండాలి అంటారు అధ్యాపకులు. ఉండాల్సిందే. నటనను కొలవమని ఎవరన్నారు?

సామాజిక శాస్త్రవేత్త ఎర్వింగ్ గాఫ్‌మన్ 1970ల్లో ప్రకటనల బొమ్మలు ముందేసుకుని చేతులు చూశాడు. మగవాడి చెయ్యి వస్తువును గట్టిగా పట్టుకుంటుంది. ఆడమనిషి వేళ్లు దాని అంచును అలా తాకి ఊరుకుంటాయి. ఎవరు నిటారుగా నిలబడ్డారు, ఎవరు మోకాలు వంచి ఒరిగారు, ఎవరి చూపు ఎటో పోయింది అన్నదీ చూశాడు. ఇలా చూడటానికి పశ్చాత్తాపం అక్కర్లేదు, ఓపిక కావాలి.

బ్రిటన్‌లో ప్రకటనల్లో ఆడామగా గురించి హానికరమైన మూస చిత్రణను నిషేధించే నిబంధన 2019 జూన్ 14న అమల్లోకి వచ్చింది. ఆగస్టులో మొదటి వేటు పడ్డవాటిలో ఫోక్స్‌వ్యాగన్ కారు ప్రకటన ఒకటి. అందులో ఆడవాళ్లను కించపరిచే మాట ఒక్కటీ లేదు. మగవాళ్లు వ్యోమనౌకలో తేలుతుంటారు, ఒకతను కృత్రిమ కాలితో లాంగ్ జంప్ చేస్తాడు. ఒకావిడ గుడారంలో నిద్రపోతుంటుంది, ఇంకొకావిడ పిల్లల బండి పక్కన బెంచీ మీద కూర్చుని ఉంటుంది. అంతే. ఆ రోజే వేటు పడిన ఫిలడెల్ఫియా చీజ్ ప్రకటనలో తండ్రులు తిండి ధ్యాసలో పడి పసిపిల్లలను కన్వేయర్ బెల్టు మీద వదిలేస్తారు. మగవాళ్లకూ మూస ఉంటుందని మన ప్రశ్నపత్రాలకు గుర్తుండదు లెండి. ఈ రెండూ కొత్త ప్రకటనలే. పాతది చెడ్డది, కొత్తది మంచిది అని బట్టీపట్టిన విద్యార్థి వీటి ముందు నోరెళ్లబెట్టాల్సిందే.

అసలు నటన నేర్పింది ప్రకటనలే. 2004లో డవ్ సబ్బు పేరిట ‘నిజమైన అందం’ అంటూ ప్రచారం మొదలుపెట్టిన యూనిలీవర్, ఫెయిర్ అండ్ లవ్లీని మాత్రం అదే పేరుతో 2020 దాకా అమ్ముకుంది. ఒక చేత్తో ఆత్మవిశ్వాసం, మరో చేత్తో తెల్లతోలు. ఆ రెండు ప్రకటనలను పక్కపక్కన పెట్టి, ఈ రెండింటికీ యజమాని ఒకడే ఎందుకయ్యాడని అడగొచ్చు కదా! అడగరు. దానికి కళ్లు తెరుచుకున్నాయనే జవాబు పనికిరాదు. ప్రకటనల మీద బతికే పత్రిక ఈ మాట అనడమేమిటని మమ్మల్ని కూడా అడగండి, తప్పులేదు.

ఆలోచన ఎలా మారిందో రాయమనే ఆ చివరి ప్రశ్న తీసేయండి. సమానత్వం అమ్ముకునే ప్రకటనను అనుమానించిన పిల్లకు ఎన్ని మార్కులో మీ మార్కింగ్ స్కీమ్‌లో ఎక్కడైనా రాసి ఉందా? లేకపోతే, పిల్లల ఆలోచన మారిందా లేదా అని ఆరా తీసేముందు ఆ పని చూడండి.